ఫండ్‌లో చేరబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు బ్యాంకు ఉద్యోగం మానేసి బ్లెండెడ్ ఫైనాన్స్ ఫండ్‌లో చేరుతున్నావని మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పాడు. ప్రభుత్వాల సొమ్ము, పెన్షన్ ఫండ్ల సొమ్ము కలిపి పేద దేశాల్లో కరెంటుకీ తాగునీటికీ పెట్టుబడి పెట్టే పని. నా ఉద్యోగమంతా గడిచింది అందులోనే. మన ఇంట్లోంచి ఇంకో మనిషి అటు వెళ్తోందంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసినవి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. భూమి కాగితాలు స్వయంగా చూడు. పోటీ టెండర్ లేకుండా వచ్చిన ప్రాజెక్టును అనుమానించు. కరెంటు కొనే సంస్థ ఖాతాలు ఒక్క ఏడాదివి కాదు, పదేళ్ళవి తెప్పించు. 

ఇక అసలు సంగతి. అప్పు డాలర్లలో, రాబడి స్థానిక కరెన్సీలో ఉన్న ప్రాజెక్టు నీ టేబుల్ మీదికి వస్తే ముందు పెన్ను కింద పెట్టెయ్. మిగతా విషయాల్లో నాది చాదస్తం అనుకున్నా పర్వాలేదు, ఇందులో మాత్రం వద్దు.

1990ల్లో ఇండోనేషియాలో ఏం జరిగిందో నువ్వు ఎక్కడో రెండు లైన్లలో చదివి ఉంటావు. అక్కడి సర్కారీ కరెంటు సంస్థ పీఎల్ఎన్ ప్రైవేటు కంపెనీలతో వరసబెట్టి ఒప్పందాలు చేసుకుంది. వాటిలో బాగా పేరున్నది తూర్పు జావాలోని పైటాన్ బొగ్గు కేంద్రం, 1,230 మెగావాట్లు. అమెరికా, జపాన్ ప్రభుత్వ ఎగుమతి బ్యాంకుల సొమ్ము, ప్రైవేటు బ్యాంకుల సొమ్ము కలిపి కట్టారు. కాగితం మీద చూస్తే ఎక్కడా లోటు కనిపించదు. యూనిట్ ధర సుమారు 8.5 అమెరికన్ సెంట్లు. డాలర్‌కు 2,400 రుపియాలు (అక్కడి కరెన్సీ) ఉన్నప్పుడు అది 200 రుపియాల పైచిలుకు. 1997 జూలైలో థాయ్‌లాండ్ తన కరెన్సీ బాత్‌ను డాలర్‌తో కట్టేసి ఉంచడం మానేసింది, దాని విలువ పడిపోయింది, ఆగస్టులో రుపియాకీ అదే గతి పట్టింది. 1998 జనవరికల్లా డాలర్ 10,000 రుపియాలు దాటింది. అదే యూనిట్ ఇప్పుడు 850 రుపియాలు! ప్లాంటు డిజైన్ మారలేదు, ఒప్పందంలో ఒక్క అక్షరం మారలేదు. కరెంటు వాడే మనిషి జీతం మాత్రం రుపియాల్లోనే ఉంది, అదీ ఉద్యోగం మిగిలి ఉంటే. ధర పెంచకపోతే పీఎల్ఎన్ మునుగుతుంది, పెంచితే జనం ఊరుకోరు. ఆ మే నెలలో ఇంధనం, కరెంటు ధరలు పెంచగానే వీధుల్లో అల్లర్లు చెలరేగాయి, నెల తిరగకుండానే అధ్యక్షుడు సుహార్తో గద్దె దిగాడు. పైటాన్ గొడవ కోర్టుకెక్కి, చివరికి ధర 5 సెంట్ల లోపుకు దిగి సర్దుబాటయ్యేసరికి 2002 వచ్చింది.

ఆ ఒప్పందాలు రాసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు తల్లీ. మారకం రేటు పడిపోతే వచ్చే నష్టాన్ని కరెంటు కొనే సంస్థ మీద వేశాం కదా, ఇక మనకు ఇబ్బంది లేదనుకున్నారు. మోయలేనివాడి నెత్తిన పెట్టిన రిస్కు ఎక్కడికీ పోదు, అప్పిచ్చినవాడి గుమ్మంలోకే తిరిగొస్తుంది. నేను చూసిన ప్రాజెక్టు లెక్కల మోడళ్ళలో మారకం రేటుకు ఒకే వరస ఉండేది, ఏటా ఇంత శాతం అంటూ నున్నగా జారిపోయే అంకెలు. కరెన్సీ అలా జారదు. ఏళ్ళ తరబడి కదలకుండా ఉండి ఒక్కసారిగా పడుతుంది. నువ్వు మూడో ఏడాదే దాని విలువ సగానికి పడగొట్టి చూడు. అప్పుడు టారిఫ్ ఎంతవుతుందో, ఆ బిల్లు ఎవరు కట్టగలరో ఒక కాగితం మీద రాసి పెట్టుకో.

మాకు లేని దారులు మీకున్నాయి. చిన్న దేశాల కరెన్సీలకు హెడ్జింగ్, అంటే మారకం రేటు పడినా నష్టం రాకుండా ముందే రక్షణ, ఇవ్వడానికే 2007లో టీసీఎక్స్ అనే ఫండ్ పుట్టింది. నైజీరియాలో 2017 నుంచి ఇన్‌ఫ్రాక్రెడిట్ అనే సంస్థ అక్కడి కరెన్సీ నైరాలో తీసుకునే బాండ్లకు పూచీ ఇస్తోంది, ఆ పూచీ చూసుకుని అక్కడి పెన్షన్ ఫండ్లే దీర్ఘకాలానికి డబ్బు పెడుతున్నాయి. ప్రభుత్వ సొమ్ముకు ఇంతకంటే మంచి వాడకం నాకు తోచదు. హెడ్జింగ్ ఖరీదు అంటారు. ఖరీదే! ఆ ఖర్చు సబ్సిడీలో పెట్టి లెక్కలో చూపించండి, నీటి బిల్లు కట్టే ఇల్లాలి మీద దాచిపెట్టి రుద్దకండి.

ఇంకో మాటకు నాకు కోపం వచ్చింది. ప్రభుత్వం ఒక్క డాలర్ పెడితే ప్రైవేటువాళ్ళు పది తెస్తారని మీ నాన్నతో అన్నావట. ఎవరు చెప్పారే నీకు? 2015లో బిలియన్లను ట్రిలియన్లు చేస్తామని అందరూ ఊదరగొట్టారు. 2019లో లండన్‌లోని ఓడీఐ అనే పరిశోధన సంస్థ లెక్కగడితే, అభివృద్ధి బ్యాంకుల ఒక్కో డాలర్‌కు తోడైన ప్రైవేటు సొమ్ము సగటున 75 సెంట్లు, అత్యంత పేద దేశాల్లో 37 సెంట్లు. ఆ పది డాలర్ల అంకె నీ ప్రెజెంటేషన్‌లో కనిపించిందంటే అత్తయ్యతో మాట్లాడకు. ఆశ వదులుకోమనడం లేదు, ఉన్నమాట చెప్పి డబ్బు అడగమంటున్నాను.

ఫస్ట్ లాస్, అంటే నష్టం వస్తే అందరికంటే ముందు పోయే సొమ్ము, ప్రభుత్వం భరిస్తుందని ఎవరైనా అంటే, అది లేకపోతే ప్రాజెక్టు నిజంగా ఆగిపోతుందా అని అడుగు. మధ్యప్రదేశ్‌లోని రేవా సోలార్ పార్కు చూడు, 750 మెగావాట్లు. ధర తగ్గించడానికి సర్కారు డబ్బు కుమ్మరించలేదు. చెల్లింపులకు రాష్ట్రం పూచీ ఇచ్చింది, ఉమ్మడి సదుపాయాలకు ప్రపంచ బ్యాంకు అప్పు వాడుకున్నారు. 2017 వేలంలో మొదటి ఏడాది యూనిట్ 2.97 రూపాయలకే పలికింది. ఎక్కడ ముడి పడిందో చూసి అక్కడే సాయం పెట్టారు.

నీ మొదటి టర్మ్ షీట్ (ఒప్పందం ముఖ్య షరతుల కాగితం) నాకు పంపకు, అది పద్ధతి కాదు. కానీ ఒప్పందం మధ్యలో రద్దయితే ఎవరు ఎవరికి ఎంత కట్టాలో చెప్పే క్లాజు ఎక్కడో వెనక ఉంటుంది. అన్నిటికంటే ముందు అది చదువు, ఏ కరెన్సీలో రాశారో చూడు. అర్థం కాకపోతే దేశం పేరు, కంపెనీ పేరు చెప్పకుండా నన్ను అడుగు, ఏ వేళైనా ఫోన్ ఎత్తుతాను.

మీ నాన్న పైకి అనడు గానీ బెంగపెట్టుకున్నాడు. బయల్దేరే ముందు ఓ వారం ఇంట్లో ఉండి వెళ్ళు.

మీ అత్తయ్య