ఆ లిస్టు పక్కన పెట్టి ముందు ప్లగ్గులు తియ్యి

చిరంజీవి రవికి,

ఫోటోలు చూశాను. 1991 నాటి నిస్సాన్ స్కైలైన్ ఆర్32 జీటీ-ఆర్, అదీ తుప్పు పెద్దగా పట్టనిది! నా వయసులో ఉన్నవాడికి కుళ్లు పుట్టదా మరి. కానీ కింద నువ్వు రాసిన లిస్టు చదివాక గుబులు పట్టుకుంది. బూస్ట్ (టర్బో ఇంజిన్లోకి నెట్టే గాలి ఒత్తిడి) పెంచే బూస్ట్ కంట్రోలర్, ఆ గాలిని చల్లబరిచే పెద్ద ఇంటర్‌కూలర్, పెట్రోలు చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, మిగిలిన గాలిని బుస్సుమని వదిలే బ్లో-ఆఫ్ వాల్వ్. అన్నీ అయ్యాక చివర్న, "అన్నట్టు బాబాయ్, 4,500 ఆర్‌పీఎం దాటి గట్టిగా తొక్కితే మిస్సింగ్ వస్తోంది, పర్లేదు కదా?" అని ఒక ముక్క. నీ మెసేజ్ మొత్తంలో పనికొచ్చే ముక్క అదొక్కటేరా.

ఎందుకంటున్నానో చెప్తాను. నా దగ్గరా ఇదే బండి ఉండేది. పికప్ మందంగా ఉండేది, తొక్కితే వెనక నల్లపొగ. బూస్ట్ చాలట్లేదని నేనే తేల్చేసుకున్నాను. కంపెనీవాళ్లు బూస్ట్ గొట్టంలో బూస్ట్ హద్దు దాటకుండా పెట్టిన చిన్న రెస్ట్రిక్టర్ పీకేశాను, ఇంకా ఆశ చావక బూస్ట్ పెంచే బ్లీడ్ వాల్వ్ కూడా ఒకటి తగిలించాను. ముల్లు 1.2 బార్ చూపించిన రోజు పొంగిపోయాను. మూడో రోజు ఒక టర్బో చక్రం పగిలింది. ఆర్32లో కంపెనీ టర్బోల ఎగ్జాస్ట్ వైపు చక్రాలు సెరామిక్‌వి. తేలిక కాబట్టి చప్పున తిరుగుతాయి, కానీ 1 బార్ దాటించి నడిపితే వాటిని నమ్మలేం. తీరా విప్పి చూస్తే అసలు జబ్బు ఇంటర్‌కూలర్ దగ్గర వదులైన ఒక క్లాంపు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే అయింది.

ఆ క్లాంపుకీ నల్లపొగకీ సంబంధం ఏమిటో అర్థం చేసుకుంటే ఈ ఇంజిను సగం అర్థమైనట్టే. గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో మీటర్లు రెండూ టర్బోల కన్నా ముందుంటాయి. అవి ఎంత గాలి లెక్కపెడితే ఈసీయూ (ఇంజిన్ని నడిపే కంప్యూటరు) దానికి సరిపడా పెట్రోలు పోస్తుంది. టర్బో దాటాక ఆ గాలి ఏ జాయింటులోంచో బయటికి పోతే ఈసీయూకి తెలియదు. గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ. అందుకే టర్బోల ముందు మూతలు బిగించి, కంప్రెసర్‌తో 0.7 బార్ దాకా గాలి ఎక్కించి, ప్రతి జాయింటు మీదా సబ్బునీళ్లు చల్లు. బుడగ ఎక్కడ లేస్తే దొంగ అక్కడే. ముప్పై ఏళ్ల రబ్బరుకి బయట పగులు కనిపించదు, వంచితేనే నోరు తెరుస్తుంది.

నీ మిస్సింగ్ విషయంలో మాత్రం నా మొదటి అనుమానం ఇగ్నిషన్ మీద. బూస్ట్ ఎక్కేకొద్దీ సిలిండర్లో ఒత్తిడి పెరిగి, నిప్పురవ్వ ప్లగ్గు గ్యాప్ దాటడం కష్టమవుతుంది. మెల్లగా నడిపినప్పుడు బాగుండి, తొక్కితేనే తడబడేది అందుకే. ఆరు ప్లగ్గులూ తీసి ఒకటి నుంచి ఆరు వరకు వరసగా కాగితం మీద పేర్చు. ఏది నల్లగా ఉంది, ఏది తెల్లగా కాలింది, ఏది తడిగా ఉంది, చూస్తే తెలిసిపోతుంది. కంపెనీ ప్లగ్గు గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు. ప్లగ్గులకి కరెంటు ఇచ్చే కాయిల్స్ పాతవైతే 0.8 పెట్టి చూడు. మిస్సింగ్ పోయిందంటే కాయిల్స్ పని అయిపోయిందని అర్థం. కాయిల్ రబ్బరు లోపల సన్నని కాలిన గీత కనిపించినా అంతే. ఒకటి పోతే ఒకటే మార్చకు, ఆరూ ఒకే వయసువి.

తర్వాత ఎయిర్ ఫ్లో మీటర్లు. వీటి లోపలి సోల్డరు వేడికి చిట్లుతుంది. బండి ఐడిల్‌లో ఉండగా స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కోదాన్నీ మెల్లగా తట్టు. ఇంజిను ఉలిక్కిపడితే అదే. ఈసీయూ మీదున్న చిన్న ఎర్రలైటు మిణుకుల్ని కూడా లెక్కపెట్టు: 12 అంటే ఫ్లో మీటరు, 34 అంటే ఇంజిన్లో పెట్రోలు వేళ తప్పి పేలడాన్ని పసిగట్టే నాక్ సెన్సర్, 55 అంటే దానికి ఏ లోపమూ కనపడలేదని. 55 వచ్చింది కదా అని సంబరపడకు, అరిగిన కాయిల్ సంగతి దానికి తెలియకపోవచ్చు. ఎర్త్ వైర్లకు మల్టీమీటరు చాలు: సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిను బ్లాకుకీ మధ్య 0.2 వోల్టులు దాటితే ఆ వైరు విప్పి గీకాల్సిందే.

వీటన్నిటికీ దొరక్కపోతే కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో మీటరు పెట్టి చూడు. ఇంజిను వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ బయట ఉండాలి, పెట్రోలు పంపు ఫ్యూజూ కాయిల్ కనెక్టరూ పీకాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి. వచ్చిన అంకె కన్నా ఆరింటి మధ్య తేడా ముఖ్యం. ఐదు బాగుండి ఒకటి పడిపోయిందంటే మోడిఫికేషన్ మాట మర్చిపో.

అన్నట్టు, చిన్న స్క్రూలతో జాగ్రత్త. చూడ్డానికి ఫిలిప్స్‌లానే ఉంటాయి కానీ అవి జపాన్ జేఐఎస్ కొలతవి. మామూలు స్క్రూడ్రైవర్ అందులో పూర్తిగా దిగక, తిప్పగానే పైకి తన్నుకొచ్చి తల చెరిపేస్తుంది. నేను ఒక సాయంత్రమంతా రెండు స్క్రూలు డ్రిల్ పెట్టి తీశాను. జేఐఎస్ డ్రైవర్ ఒక్కటి కొనుక్కో.

నీ సరదా నేను కాదనను. ఆ ఇంజిను రేసుల కోసం పుట్టింది. కాగితం మీద 280 పీఎస్ (హార్స్‌పవర్) అని రాసింది, అంతకు మించి చెప్పకూడదని జపాన్ కంపెనీలు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు వల్ల. దాన్ని 2004లో వదిలేశారు. అందులో ఇంకా ఎంతో దాగుందన్నమాట నిజమే. అయితే అది కొత్త ఇంజిను సంగతి. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే మార్చు, వాటర్ పంపుతో సహా. తెగితే వాల్వులు వంగుతాయి. రేడియేటర్ పై ప్లాస్టిక్ నలుపు పోయి గోధుమరంగుకి తిరిగితే ఇక పగలడమే తరువాయి. ఇంజిను వేగాన్ని ఆపే లిమిటర్ తగిలేదాకా తొక్కి పట్టడం అసలొద్దు. ఆర్32 క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) మీద ఆయిల్ పంపుని తిప్పే అంచు సన్నం. ఆ దెబ్బలకి పంపు గేర్లు పగులుతాయి. తర్వాతి మోడల్ ఆర్33లో దాన్ని వెడల్పు చేశారంటేనే చూసుకో. పార్టులకి బెంగ పడకు, 2017 చివర్నుంచి ఆర్32కి కొన్ని హోసులూ వైరింగూ నిస్సాన్ మళ్లీ ఇస్తోంది.

నీ లిస్టు ముందుకి గాలి-పెట్రోలు పాళ్లు చూపించే వైడ్‌బ్యాండ్ మీటరూ ఆయిల్ ప్రెషర్ మీటరూ రావాలి, వెంటనే బ్రేకులు, టైర్లు. ఫుల్ బూస్ట్‌లో గాలి-పెట్రోలు నిష్పత్తి 11.5 దగ్గరుంటే నాకు టెన్షన్ ఉండదు. 13 కనిపిస్తే పెట్రోలు చాలట్లేదని, వెంటనే కాలు తీసెయ్. ఇంజెక్టర్లు, ఫ్లో మీటర్లు, ఈసీయూ ట్యూనింగ్ మూడూ ఒకే సెట్టు, ఒక్కటే మారిస్తే లెక్క తప్పుతుంది. సెరామిక్ చక్రాలున్నంత కాలం బూస్ట్ పెంచే జోలికి పోవద్దు. బ్లో-ఆఫ్ వాల్వ్ శబ్దం కోసమేగా? లెక్కపెట్టిన గాలిని బయటికి వదిలితే గేరు మార్చిన ప్రతిసారీ పెట్రోలు ఎక్కువైపోతుంది, నల్లపొగ నీకూ వస్తుంది.

ఏది మార్చినా ఒక్కటే మార్చి, కనీసం వంద కిలోమీటర్లు నడిపి, నోటు పుస్తకంలో రాసుకో. తీసిన పాత పార్టు పారేయకు.

ఈ ఆదివారం ప్లగ్గులు తీసి, వరస మారకుండా ఫోటో పంపు. బూస్ట్ కంట్రోలర్ డబ్బా సీలు తీయలేదు కదా? తీయకపోతే వాపసు ఇచ్చెయ్, ఆ డబ్బులకి ఆరు కాయిల్స్ చూద్దాం.

ఉంటాను,
బాబాయి