సైనాప్స్‌ల మీద పరిశోధనకు ఏ పీజీ మంచిది?

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాది లైఫ్ సైన్సెస్ చదువుతున్నాను. మెదడులో సైనాప్స్ (ఒక నాడీకణం మరోదానికి సిగ్నల్ అందించే చోటు) ఆకారానికీ అది చేసే పనికీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేయాలని ఉంది. పీజీ న్యూరోసైన్స్‌లోనే చేయాలా? లెక్కలంటే నాకు టెన్షన్.

జవాబు: న్యూరోసైన్స్ అన్న పేరు కోసం పట్టుబట్టకండి. సెల్ బయాలజీ, బయోఫిజిక్స్ చదివినవాళ్లూ ఈ రంగంలో చాలామందే ఉన్నారు. మీ చేతికి ఏ పని వచ్చన్నదే ఇక్కడ ముఖ్యం.

ఎందుకంటే సైనాప్స్ దగ్గర రెండు న్యూరాన్ల (నాడీకణాల) మధ్య ఖాళీ సుమారు 20 నానోమీటర్లే. మామూలు లైట్ మైక్రోస్కోప్ 200 నానోమీటర్ల దగ్గరే చేతులెత్తేస్తుంది. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తేగానీ ఆ ఖాళీ కంటపడలేదు. డెండ్రైట్ (సిగ్నల్ అందుకునే న్యూరాన్ కొమ్మ) మీద మొటిమల్లా పొడుచుకొచ్చి సైనాప్స్‌కు చోటిచ్చే స్పైన్‌లనే తీసుకోండి. తల పెద్దదైన స్పైన్‌కు సాధారణంగా గ్లుటమేట్ అనే సిగ్నల్ రసాయనాన్ని పట్టుకునే రిసెప్టర్లు ఎక్కువ, అందుకే సిగ్నల్ బలంగా అందుకుంటుంది. సన్నటి మెడ కాల్షియంను చాలావరకు తలలోనే ఆపుతుంది కాబట్టి, పక్కవాటిని కదపకుండా ఆ ఒక్క సైనాప్స్ మారగలదు. 2004లో ఒకే ఒక్క స్పైన్ దగ్గర పదేపదే గ్లుటమేట్ విడుదలయ్యేలా చేసి చూస్తే తల ఉబ్బింది, కరెంటూ పెరిగింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కిందికి వెళ్లేది ప్రాణంలేని కణజాలం, అందులో కరెంటు కొలవలేం. ప్యాచ్ క్లాంప్‌తో (సన్నటి గాజు గొట్టాన్ని కణానికి అతికించి కొలిచే పద్ధతి) కరెంటు తెలుస్తుంది, ఆకారం తెలియదు. ఈ రెంటినీ కలపగలిగిన వాళ్లకే గిరాకీ. అందుకని ఒకదానిలో చెయ్యి బాగా తిరగనివ్వండి, రెండోది అర్థమయ్యేంత నేర్చుకోండి. ప్యాచ్ క్లాంప్‌కు ఓపిక కావాలి, రోజంతా కూర్చున్నా ఒక్క మంచి రికార్డింగ్ రాని రోజులుంటాయి.

లెక్కల సంగతి. తప్పించుకోలేరు, అయితే భయపడేంతా లేదు. 2024లో వెలువడిన మానవ మెదడు ముక్క మ్యాప్ సుమారు ఒక ఘన మిల్లీమీటరే, దాని డేటా 1.4 పెటాబైట్లు, అంటే సుమారు 14 లక్షల గిగాబైట్లు. అంత డేటాలో సైనాప్స్‌లను వెతికేది సాఫ్ట్‌వేరే, తప్పులు దిద్దేది మనుషులు. స్టాటిస్టిక్స్, పైథాన్, ఇమేజ్ అనాలిసిస్ ఈ ఏడాదే మొదలుపెట్టండి.

పీజీకి అప్లై చేసేముందు అక్కడి సీనియర్లను ఒకటి అడగండి: మైక్రోస్కోప్ విద్యార్థుల చేతికి ఇస్తారా, లేక టెక్నీషియనే నడుపుతారా? రెండోదైతే ఎంత పేరున్న సంస్థ అయినా నేను వద్దనే అంటాను.