తిరుపతిలో చలికాలం తోట పనులు: మల్లె, మామిడి, గులాబీలకు ఇప్పుడేం చేయాలి?

హైదరాబాదు నుంచి తిరుపతికి మారామని, ఇంటి చుట్టూ మల్లె, గులాబీలు, ఒక మామిడి చెట్టు, ముందర కాస్త లాన్ ఉన్నాయని రాశారు. ఉగాదికల్లా తోట బాగా రావాలంటే డిసెంబరు, జనవరుల్లో ఏం చేయాలి, చలికి మొక్కల మీద గోనె పట్టాలు కప్పాలా అని అడిగారు. ఆ టెన్షన్ అస్సలు పెట్టుకోకండి. మొక్క మాడిపోయేంత చలి మన తిరుపతిలో ఉండదు.

ఇక్కడ చూసుకోవాల్సింది నేలలో పదును. మనకు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. 2021 నవంబరులో ఊరు ఎలా మునిగిందో చూసినవాళ్లకు ఆ వానల జోరు తెలుసు. అవి వెనక్కి తగ్గాక వేసవి జల్లులు పడేదాకా దాదాపు చుక్క రాలదు. కాబట్టి నేల తాగిన నీటిని ఎంత కాలం నిలబెట్టుకుంటే వసంతంలో చిగురు అంత బలంగా వస్తుంది. నేను చలికాలంలో చేసే పని సగం ఇదే.

మన ఎర్రనేల వాన వెలిశాక పైన పొర కట్టి బిగుసుకుపోతుంది. ధనుర్మాసం మొదలయ్యేసరికి పాదుల్లో రెండు మూడు అంగుళాల లోతు గుల్ల చేయండి, అంతకన్నా లోతుకు వెళ్తే వేర్లు తెగుతాయి. కలుపు గింజ పట్టకముందే పీకి అక్కడే పరిచేయండి. దాని పైన చెనక్కాయల పొట్టు వేయండి. మన పక్క పల్లెల్లో చెనక్కాయలు ఒలిచే మిల్లుల దగ్గర దొరుకుతుంది. చెదలు పట్టకుండా కొంచెం వేపపిండి కలపండి, మొదలుకు తగలకుండా జానెడు ఖాళీ వదలండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేప, కానుగ ఆకు కుప్పలు కుప్పలుగా రాలుతుంది. దయచేసి దాన్ని తగలబెట్టకండి, అంతా పాదుల్లోకి పోవాల్సిన సొత్తు.

ఇక మల్లె. గుండుమల్లెకు ఇప్పుడు కావాల్సింది బెట్ట, అంటే నీళ్లు ఆపి ఎండనివ్వడం. చిత్తూరు దగ్గర మా ఊళ్లో మా అమ్మ కార్తీకం పోగానే మల్లెకు నీళ్లు ఆపేసేది. ఆకులు పసుపెక్కి రాలుతుంటే నాకు పాపం అనిపించేది. కానీ మొక్క ఆ విశ్రాంతి తీసుకుంటేనే పూత విరగబూస్తుంది. నేనూ ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. బాగా వాడాక, డిసెంబరు ఆఖర్లోనో సంక్రాంతి లోపలో, నేల నుంచి మూరెడు ఎత్తులో కత్తిరించి, మిగిలిన ఆకులు దూసేయండి. ఎండుపుల్లలు, లోపలికి పెరిగిన సన్న కొమ్మలు తీసేయండి. పాదు తవ్వి కొద్ది రోజులు ఎండ తగలనిచ్చి, బాగా మాగిన పశువుల ఎరువు వేసి, అప్పుడు నిండుగా నీళ్లు పెట్టండి. నెల తిరిగేసరికి కొత్త చిగుళ్లు, వాటి కొసల్లో మొగ్గలు కనిపిస్తాయి. మార్చి నుంచి పూలకు కరువుండదు.

మామిడికీ బెట్టే. కాపుకొచ్చిన చెట్టుకు ఇప్పుడు నీళ్లు, ఎరువు పెడితే పూత రావాల్సిన చోట ఆకు చిగురు వస్తుంది. పిందెలు బఠాణీ గింజంత అయ్యాకే నీళ్లు మొదలుపెట్టండి. నాటి మూడేళ్లు దాటని మొక్క అయితే ఈ మాట వర్తించదు, దానికి మానకుండా పోయాలి. పచ్చి కొమ్మలు ఇప్పుడు నరకవద్దు, ఆ కత్తిరింపు కాయ కోశాక జూలై, ఆగస్టుల్లో చేయాలి. ఎండుపుల్లలు మాత్రం తీయొచ్చు. పూమొగ్గ బయటపడగానే తేనెమంచు పురుగు ఉందేమో చూడండి. ఆకులు జిగటగా మెరుస్తుంటే అదే. అప్పుడు లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. పూత విచ్చుకున్నాక ఏ మందూ కొట్టకండి. ఈగలు, తేనెటీగలు వాలితేనే పిందె కడుతుంది, వాటిని తరిమేసి కాయలు రాలేదని బాధపడితే లాభం లేదు.

గులాబీకి కత్తిరించిన దగ్గర్నుంచి పూవుకు సుమారు 45 రోజులు పడుతుంది. సంక్రాంతికి కత్తిరిస్తే ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదటికి పూలు. బయటివైపు చూసే కన్నుకు (కొమ్మ మీద చిగురు వచ్చే చోటు) కొంచెం పైన ఏటవాలుగా కోయండి, మొద్దు కత్తెరతో నలిపితే కొమ్మ పైనుంచి ఎండుతూ వస్తుంది. మల్లెలా దీన్ని ఎండబెట్టకూడదు.

లాన్‌కు చలిలో రోజూ నీళ్లు అక్కర్లేదు, పొద్దున పూట మూడు నాలుగు రోజులకోసారి చాలు. సాయంత్రం తడిపితే రాత్రంతా తడిగా ఉండి తెగుళ్లు వస్తాయి. ఎరువు ఫిబ్రవరిలో వేయండి, గడ్డి ఎదుగుదల అప్పుడే మళ్లీ అందుకుంటుంది.

మీ మామిడి వయసెంతో, నేల ఎర్రదా, ఇసుక కలిసిన గరపదా రాయండి. నీళ్లు మొదలుపెట్టాక ఎరువు ఎంత వేయాలో చెప్తాను.