మేడ మీద డ్రాక్యులా: ఏ సినిమా వేయాలి?

అమలాపురంలో మేడ మీద, ఇంగ్లిషు రాని పిల్లలకు డ్రాక్యులా చూపించాలన్నారు కదండీ, 1922 నాటి మూకీ ‘నోస్ఫెరాటు’ వేయండి. తెర మీద వచ్చే అక్షరాలను మీరే తెలుగులో చదివి వినిపించవచ్చు. పంటకాలువ కప్పల గోలలో టాకీ సంభాషణలు ఎలాగూ వినబడవు! చివర్లో పొడవాటి గోళ్ల నీడ ఒక్కటే మెట్లెక్కి వస్తుంది. అక్కడ మాత్రం అందరూ నోరు మెదపకుండా ఉండాలి. ‘డ్రాక్యులా’ నవలను అనుమతి లేకుండా పేర్లు మార్చి తీసినందువల్ల డ్రాక్యులా ఇందులో ‘ఓర్లాక్’ అయ్యాడు, పిల్లలకు ముందే చెప్పండి.

1931 నాటి ‘డ్రాక్యులా’ టాకీలో నటుడు బేలా లుగోసీ చూపు గొప్పదే గానీ, కోట దాటాక కథ నాటకంలా గదుల్లోనే నడుస్తుంది. 1958 నాటి డ్రాక్యులా సినిమాలో నటుడు క్రిస్టఫర్ లీ కోరలు, రంగుల్లో నెత్తురు, చిన్నవాళ్లకు వద్దు. అన్నట్టు, ఎండ తగిలి పిశాచం చావడం 1897 నాటి నవలలో లేదు, ఆ మూకీ కల్పించిందే.