ప్రోగ్రాం డేటాబేస్‌కి కనెక్ట్ కావట్లేదని కోర్సు మార్చేయాలా?

ఖమ్మం నుంచి ఎరువుల షాపు నడిపే ఒక తండ్రిగారు రాశారు. కొడుకు బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోయి అమీర్‌పేటలో పైథాన్ నేర్చుకుంటున్నాడు, మైఎస్‌క్యూఎల్ సర్వర్‌కి (సమాచారం దాచే డేటాబేస్ ఇది) ప్రోగ్రాం కనెక్ట్ చేసే దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాడట. "వీడికి ఎక్కట్లేదు సర్, మా బావమరిది కొడుకు డేటా సైన్స్‌లో చేరాడు, అప్పు చేసైనా అందులో వేయాలా, లేక పీహెచ్‌పీ ఈజీ అంటున్నారు అది నేర్పించాలా?" అని అడిగారు.

సర్, మీరు అడుగుతున్నది కోర్సు గురించి కాదు, మావాడు పనికొస్తాడా అని. పనికొస్తాడు. మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాకే ఈ మాట అంటున్నా.

అందులో పైన 2003 అనే ఎర్రర్ ఉంది, కింద 1045 ఉంది. మీకు రెండూ ఎర్ర అక్షరాలే. కానీ 2003 అంటే సర్వరే దొరకలేదు, అది ఆన్‌లో లేకపోవచ్చు, పోర్టు నంబరు (సర్వర్‌కి తలుపు నంబరు లాంటిది, మామూలుగా 3306) తప్పు ఇచ్చి ఉండొచ్చు. 1045 అంటే సర్వర్ దొరికింది, పలికింది, యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ కలవక వాకిట్లోనే ఆపేసింది. అంటే ఈ నాలుగు రోజుల్లో మీవాడు ఒక మెట్టు ఎక్కాడు, ఎవరూ చెప్పకుండా. ఆఫీసులో చేసే పని కూడా ఇదే సర్.

ఇక వాడికి చెప్పండి, అదే పాస్‌వర్డ్‌తో వర్క్‌బెంచ్‌లో (మైఎస్‌క్యూఎల్‌ని నేరుగా తెరిచి చూసే సాఫ్ట్‌వేర్) లాగిన్ అయి చూడమనండి, అక్కడ అయితే తప్పు స్క్రిప్ట్‌లోనే ఉన్నట్టు. అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్ వాడొద్దు, వేరే యూజర్‌ని క్రియేట్ చేసి ఆ ఒక్క డేటాబేస్‌కే పర్మిషన్ ఇవ్వమనండి. కనెక్ట్ అయ్యాక ఇంకోటి వస్తుంది, ఇన్సర్ట్ (కొత్త వివరాలు చేర్చే ఆదేశం) ఏ ఎర్రర్ లేకుండా నడుస్తుంది, తీరా టేబుల్ చూస్తే ఖాళీ. మార్పుని ఖాయం చేసే కమిట్ చేయకపోతే అంతే, కంగారు పడొద్దనండి.

డేటా సైన్స్ సంగతి మొహమాటం లేకుండా చెప్తా. కొన్ని నెలల కోర్సులో ముందే శుభ్రం చేసిన సీఎస్‌వీ ఫైల్ (ఎక్సెల్ పట్టిక లాంటిది) చేతికిచ్చి మోడల్ రన్ చేయిస్తారు, పిల్లాడికి గ్రాఫ్ వస్తుంది, ఇంట్లో అందరికీ సంతోషం. కంపెనీలో డేటా అలా పళ్ళెంలో పెట్టి ఎవరూ ఇవ్వరు, అది సర్వర్‌లో పది టేబుళ్ళలో చెల్లాచెదురుగా ఉంటుంది, కనెక్ట్ అయి, టేబుళ్ళని కలిపే జాయిన్‌లు రాసి బయటికి తీయాలి. ఆ పని రాకుండా, స్టాటిస్టిక్స్ గట్టిగా లేకుండా సర్టిఫికెట్ పట్టుకుని నా దగ్గరికొచ్చిన పిల్లల్ని చూసి చాలాసార్లు బాధపడ్డా. ఆ రంగం చెడ్డదని కాదు, కానీ ఇప్పుడు దానికోసం అప్పు చేయొద్దు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటే కాగితం మీద రాసిమ్మనండి, ఎంతమంది రాసిస్తారో చూడండి.

పీహెచ్‌పీ కూడా మంచిదే, వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ దాని మీదే నడుస్తుంది. కాకపోతే పాత వీడియోల్లో చూపించే, mysql_ అని మొదలయ్యే పాత ఫంక్షన్లు 2015లో పీహెచ్‌పీ 7తోనే తీసేశారు, ఇప్పుడు డేటాబేస్‌కి కనెక్ట్ కావడానికి పీడీవో గానీ మైఎస్‌క్యూఎల్ఐ గానీ వాడాలి. ఏ భాషైనా అవతల సర్వర్ అదే, క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) అవే, మీవాడు మారాల్సిన అవసరం నాకు కనపడలేదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. రోజూ రాత్రి ఫోన్ చేసి "అయ్యిందా, బావమరిది కొడుక్కి అయిపోయిందంట" అంటున్నానని మీరే రాశారు. అది ఈ రోజే ఆపేయండి సర్. పాస్‌వర్డ్ తప్పయితే సరిచేసుకోవచ్చు, నాన్నకి నామీద నమ్మకం లేదనుకున్న పిల్లాడు కంప్యూటర్ ముందు కూర్చోవడమే మానేస్తాడు.

ఈసారి వాడు ఇంటికొచ్చినప్పుడు మీ షాపు అరువు ఖాతా పుస్తకం ముందు పెట్టండి. రైతుల పేర్లు ఒక టేబుల్, అరువులూ జమలూ ఇంకో టేబుల్. డబ్బు జమ రాయడం, బాకీ తగ్గించడం రెండూ కలిసి కావాలి లేదా రెండూ ఆగిపోవాలి, ట్రాన్సాక్షన్ అంటే అదే. పేరుని క్వెరీలో నేరుగా అతికించకుండా ప్లేస్‌హోల్డర్ (ఖాళీ గుర్తు) పెట్టి, పేరుని విడిగా పంపమనండి, ఎందుకో ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారు. పూర్తయ్యాక ఒక రైతు పేరు మీరే టైప్ చేసి, వచ్చిన బాకీ పుస్తకంతో సరిపోయిందో లేదో వాడి పక్కనే కూర్చుని చూడండి.