ఊరి పేరే యుగం పేరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సింగరేణి బొగ్గు పెర్మియన్ యుగం నాటిదని పాఠంలో ఉంది. పెర్మ్ రష్యాలో ఊరట. మన బొగ్గుకు ఆ పేరెందుకు? (డిగ్రీ విద్యార్థిని, మంచిర్యాల)

జవాబు: ఆ పేరు బొగ్గుది కాదమ్మా, కాలానిది. 1841లో బ్రిటిష్ భూవిజ్ఞాని రోడరిక్ మర్చిసన్ ఉరల్ పర్వతాలకు పడమటి పక్కన, పెర్మ్ ప్రాంతంలో, అంతకు ముందటిదైన కార్బోనిఫెరస్ యుగపు పొరల మీద మందంగా పరుచుకున్న పొరలు చూసి వాటిని పెర్మియన్ అన్నాడు. అప్పటినుంచి ప్రపంచంలో ఎక్కడైనా సరే, సుమారు 29.9 కోట్ల నుంచి 25.2 కోట్ల ఏళ్ల కిందట ఏర్పడిన పొరలన్నిటికీ అదే పేరు. గోదావరి లోయలో బొగ్గు దొరికే పొరలను ‘బరాకర్ ఫార్మేషన్’ అంటారు (ఫార్మేషన్ అంటే ఒకే తీరు రాళ్ల పొరల సమూహం). బరాకర్ జార్ఖండ్, బెంగాల్‌లలో పారే నది. అంటే ఒకే బొగ్గుకు రెండు చోట్ల పేర్లు వచ్చాయి. బరాకర్ అనేది అవి ఏ రాళ్లో చెబుతుంది, పెర్మియన్ అనేది ఎప్పటివో చెబుతుంది. విద్యార్థులు తరచూ కలిపేసేది ఈ రెండింటినే. జవాబు రాసేటప్పుడు ‘ఫార్మేషన్’, ‘యుగం’ అన్న మాటలు వదలకుండా రాస్తే ఆ తికమక ఉండదు.

ఇంకొకటి. భాషాశాస్త్ర పుస్తకంలో పెర్మియన్ అని కనిపిస్తే అక్కడ రాళ్ల ఊసే ఉండదు. అదే ప్రాంతంలోని కోమి, ఉద్ముర్త్ జనాల భాషలనూ పెర్మియన్ భాషలంటారు.

ప్రశ్న: డెవాన్ ఇంగ్లండ్‌లో ఉంటే, డెవోనియన్ యుగం మొదలు చెక్ దేశంలో గుర్తించారేం? (ఉపాధ్యాయుడు, ఒంగోలు)

జవాబు: పేరు పెట్టిన చోటు వేరు, సరిహద్దు గీసిన చోటు వేరు. డెవాన్ రాళ్ల వయసు మీద 1830లలో పెద్ద వాదమే నడిచింది. దక్షిణ డెవాన్ సున్నపురాయిలోని పగడపు శిలాజాలను శిలాజ నిపుణుడు విలియం లాన్స్‌డేల్ పరీక్షించాడు. అవి ముందటి సైలూరియన్ యుగపు పగడాల్లానూ లేవు, తర్వాతి కార్బోనిఫెరస్ పగడాల్లానూ లేవు, రెండింటికీ నడిమివి అని తేల్చాడు. ఆ ఆధారంతోనే 1839లో భూవిజ్ఞానులు సెడ్జ్‌విక్, మర్చిసన్ ఈ కొత్త పేరు పెట్టారు.

యుగం ఏ పొర దగ్గర మొదలైందో చూపే సరిహద్దుకు మాత్రం నిబంధనలు కఠినం. పొరలు ఎక్కడా తెగకుండా ఒకదానిమీద ఒకటి పేరుకుని ఉండాలి, తగినంత మందం ఉండాలి, సముద్ర జీవుల శిలాజాలు పుష్కలంగా దొరకాలి, ఎవరైనా వెళ్లి చూడగలగాలి. డెవాన్ రాళ్లు తర్వాతి పర్వత నిర్మాణంలో మడతలు పడి, విరిగి, చోటు తప్పాయి. ఏ పొర ముందో ఏది వెనకో అక్కడ నిర్ధారించడం కష్టం. అందుకే 1972లో చెక్ నేలమీది క్లోంక్ కొండవాలును ఎంచుకున్నారు. అక్కడి 20వ పొరలో మోనోగ్రాప్టస్ యూనిఫార్మిస్ అనే గ్రాప్టొలైట్ (అంతరించిపోయిన చిన్న సముద్ర జీవి) మొదటిసారి కనిపించే చోటే డెవోనియన్ మొదలు. ప్రపంచంలో ఇలా ఖాయం చేసిన మొట్టమొదటి సరిహద్దు ఇదే. పెర్మియన్ సంగతీ అంతే, దాని మొదలును కజకిస్తాన్‌లో గుర్తించారు.

ప్రశ్న: హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలోని రాకాసిబల్లి పేరులో ‘కోట’ ఏ కోట? (ఇంటర్ విద్యార్థి, వరంగల్)

జవాబు: రాజస్థాన్ కోటా కాదు, నెల్లూరు వైపు కోట కూడా కాదు. మహారాష్ట్రలోని సిరొంచ దగ్గర ప్రాణహిత నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఆ ఊరి పేరుతో కోట ఫార్మేషన్, ఆ ఫార్మేషన్ పేరుతో కోటాసారస్ వచ్చాయి. పూర్తి పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. చివరి ‘ఎన్సిస్’ లాటిన్ ప్రత్యయం, ‘ఫలానా చోటిది’ అని అర్థం. ఆ చోటు తెలంగాణలోని యామన్‌పల్లి. 1988లో పి. యాదగిరి ఈ పేరు పెట్టారు. దాని కాలం జురాసిక్, అది ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ నడుమ ఉన్న జురా కొండల పేరు. ఒక్క జంతువు వివరాల్లో మూడు చోట్ల పేర్లున్నాయి, మూడూ మూడు వేర్వేరు పనులు చేస్తున్నాయి.

ప్రశ్న: జనం పేరు మీద కూడా యుగాలున్నాయా? (గృహిణి, విశాఖపట్నం)

జవాబు: ఉన్నాయండి. ఆర్డోవిషియన్, సైలూరియన్ రెండూ రోమన్ల కాలంలో వేల్స్‌లో ఉన్న తెగల పేర్లే. మన దగ్గర గోండుల పేరు గోండ్వానా అనే ప్రాంతానికి, ఆ ప్రాంతం పేరు అక్కడి పొరలకు, 1885లో ఆస్ట్రియా భూవిజ్ఞాని ఎడ్వర్డ్ స్యూస్ చేతిలో ఏకంగా ఒక ప్రాచీన భూఖండానికి వెళ్లింది. గోండులు మాత్రం తమను తాము కోయితూర్ అనుకుంటారు. ఆ మాట కూడా పాఠ్యపుస్తకాల్లో ఉండాలి. మీ విశాఖ కొండల్లోని ఖోండలైట్ రాయిది కూడా ఖోండు జనం పేరే, అయితే అది యుగం కాదు, రాతి రకం.

ప్రశ్న: మా ఇంటిపేరు చివర ‘పాటి’ అని ఉంది. ఆ పేరుతో ఊరు ఎంత వెతికినా దొరకలేదు. (బెంగళూరు పాఠకుడు)

జవాబు: ‘పాడు’ అని వెతకండి. ఊరి పేరు మనిషికి చేరేటప్పుడు చివర మారుతుంది: గరికపాడు గరికపాటి, టంగుటూరు టంగుటూరి, వెలనాడు వెలనాటి. పల్లి, కొండ, వాడ మారవు. ఒకే పేరుతో చాలా ఊళ్లుంటాయి కాబట్టి పేరు ఒక్కటే చూసి తేల్చుకోవద్దు. పాత దస్తావేజుల్లోని తాలూకా పేరుతో సరిచూసుకోండి.

ప్రశ్న: కడప పొరల గురించి జిల్లా ఇప్పటి ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో వెతికితే పరిశోధనలు తక్కువే దొరుకుతున్నాయి. (పరిశోధక విద్యార్థి, తిరుపతి)

జవాబు: ఊరి పేరు మారినా, స్పెల్లింగ్ మారినా, స్థిరపడిన పొర పేరు మార్చనక్కర్లేదన్నది అంతర్జాతీయ నియమం. అమెరికాలో మాక్ చంక్ అనే ఊరు 1954లో జిమ్ థోర్ప్ అయినా, అక్కడి ఫార్మేషన్ ఇంకా మాక్ చంకే. మీరు ‘సి-యు-డి-డి-ఎ-పి-ఎ-హెచ్’ అని వెతకండి, ఎక్కువ పరిశోధనలు ఆ పేరుతోనే ఉన్నాయి. ఈ పొరల మీద భూవిజ్ఞాని విలియం కింగ్ రాసిన 1872 నాటి నివేదిక కావాలంటే మొదట ‘కె’, చివర ‘హెచ్’ పెట్టి, కర్నూలును కూడా ‘కె’తోనే రాసి చూడండి.