మొక్కకు ఒత్తిడా, ఎద్దడా?

సందేహం: పిల్లల విజ్ఞాన పుస్తకం ఒకటి తెలుగులో రాస్తున్నాను. "ఒత్తిడికి గురైన మొక్క హార్మోన్లను స్రవించి పత్రరంధ్రాలను మూసుకుంటుంది" అన్న వాక్యం చదివి మా నాన్నగారు, "మొక్కకు ఒత్తిడేమిటమ్మా, ఆఫీసుకు వెళ్తోందా?" అని నవ్వారు. నా వాక్యంలో తప్పుందా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: మీ నాన్నగారు సరదాకి అన్నా, సరైన చోటే పట్టుకున్నారు. ఇంగ్లీషు 'స్ట్రెస్'కు మీరు వాడిన 'ఒత్తిడి', 'ఒత్తు' నుంచి వచ్చిన మాట. పని ఒత్తిడి, పైవారి ఒత్తిడి అంటాం. మన ఊళ్లో కన్నడ పత్రికల్లో రోజూ 'ఒత్తడ' కనిపిస్తుంది కాబట్టి మనకు ఇంకాస్త అలవాటు. మనుషుల విషయంలో నాకు పేచీ లేదు. మొక్క దగ్గర మాత్రం అర్థం తలకిందులవుతుంది. ఆకు బిర్రుగా నిలబడేదే లోపలి నీరు కణకవచాన్ని ఒత్తడం వల్ల. నీరు బాగా తాగిన ఆకులో ఆ ఒత్తిడి చాలాసార్లు కారు టైరులో ఉండేదానికన్నా ఎక్కువే. నీరు కరువైతే తగ్గేది సరిగ్గా అదే. కాబట్టి 'నీటి ఒత్తిడికి గురైన మొక్క' అంటే కడుపునిండా తాగిన మొక్క అని కూడా అనుకోవచ్చు!

ఇందుకు మనకు చక్కని మాట ఉంది: ఎద్దడి. 2024 వేసవిలో బెంగళూరు కుళాయిలు ఎండినప్పుడు 'నీటి ఎద్దడి' అనే కదా అనుకున్నాం. మొక్కకూ అదే సరిపోతుంది. వానకూ వానకూ మధ్య పైరు ఎండకు చిక్కితే రైతులు 'బెట్ట' అంటారు. మల్లేశ్వరంలో మా ఇంటికి కూరలు తెచ్చే బాగేపల్లి ఆయన తెలుగువాడే. మొన్న మార్చిలో మా కుండీలో తలవేలాడేసిన టొమాటో మొక్కను చూసి, "బెట్ట తగిలింది, ఒక తడి ఇవ్వండి" అన్నాడు. నేను చెంబు కోసం వెతుకుతుంటే పక్కింటి కన్నడ పిల్లవాడు "ఏ బెట్ట? నంది బెట్టా?" అన్నాడు. కన్నడంలో బెట్ట అంటే కొండ మరి.

అయితే ఎద్దడిని అన్నింటికీ అతికించకండి. అది కొరతను చెప్పే మాట. 'ఉప్పు ఎద్దడి' అని రాస్తే అంగట్లో ఉప్పు దొరకడం లేదనుకుంటారు. నేలలో ఉప్పు ఎక్కువైతే చౌడు. వేడి అయితే ఎండదెబ్బ. చలి అయితే చలిదెబ్బ. అన్నీ కలిపి చెప్పాలంటే 'ప్రతికూల పరిస్థితులు' అనవచ్చు, కాస్త పొడిగా ఉన్నా. స్ట్రెస్‌కు మరో మాట ఉంది కదా అని 'ప్రతిబలం' మాత్రం వద్దు. భౌతికశాస్త్రం పుస్తకాల్లో అది సాగదీసిన తీగలకు వాడే మాట.

ఇక 'స్రవించి'. స్రవించడానికి గ్రంథి కావాలి. మొక్కలో హార్మోన్లకంటూ ప్రత్యేక గ్రంథులు లేవు. నీటి ఎద్దడిలో ముందుకొచ్చేది అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను. దాన్ని ఆకులోని కణాలే తయారుచేసుకుంటాయి. ఒకవైపు తయారవుతూ మరోవైపు విరిగిపోతూ ఉంటుంది కనుక, ఎద్దడిలో అది 'పోగవుతుంది' అనడం అన్నిటికన్నా కచ్చితం. పేరును అనువదించి 'రాల్చే ఆమ్లం' అనకండి. పత్తి కాయలు రాలడంపై పరిశోధిస్తూ 1960లలో దాన్ని గుర్తించినందుకు ఆ పేరు నిలిచిపోయింది. ఆకులు రాల్చడంలో పెద్ద పాత్ర ఇథిలీన్ అనే మరో హార్మోనుదని తరవాత తేలింది.

మీరు రాయలేదు గానీ, తరవాతి పేజీలో 'ఈ ఆమ్లం రంధ్రాలు మూసుకునేలా ప్రేరేపిస్తుంది' అని రాస్తారేమోనని నా భయం. జరిగేది తమాషాగా ఉంటుంది. మామూలు రోజుల్లో ఒక ఎంజైము మరో ఎంజైముకు కళ్లెం వేసి ఉంచుతుంది. ఆమ్లం పోగై, దాన్ని గుర్తుపట్టే ప్రోటీను అయిన గ్రాహకానికి అతుక్కోగానే, ఆ గ్రాహకం కళ్లెం పట్టినదాన్నే పట్టుకుంటుంది. ఈ గ్రాహకాల సంగతి తేలింది 2009లోనే. అలా కళ్లెం ఊడిన రెండో ఎంజైము, పత్రరంధ్రానికి రెండు పక్కలా ఉండే రక్షక కణాల పొరలో దారులు తెరిపిస్తుంది. అయాన్లు బయటికి పోతాయి, వాటి వెంట నీరూ పోతుంది. బిర్రుగా ఉన్న రెండు కణాలూ మెత్తబడి, మధ్యలోని రంధ్రం మూసుకుంటుంది. చూశారా, ఇక్కడా తగ్గింది ఒత్తిడే! అందుకే 'కళ్లెం సడలిస్తుంది' అనండి, పిల్లలకూ బొమ్మ కట్టినట్టుంటుంది.

'మూసుకుంటుంది'ని మార్చనక్కర్లేదు. 'కొను' చేరినప్పుడు పని చేసేవారి కోసమే జరిగినట్టు. కళ్లు మూసుకున్నాం అన్నట్టే.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: "నీటి ఎద్దడి తగిలిన మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం పోగవుతుంది, దాంతో మొక్క పత్రరంధ్రాలను మూసుకుంటుంది." తడి అందాక ఆ ఆమ్లం చాలావరకు ఫేసిక్ ఆమ్లంగా మారిపోతుంది, రంధ్రాలు మళ్లీ తెరుచుకుంటాయి. దీనికి 'కోలుకుంటుంది' కన్నా 'తేరుకుంటుంది' నాకు నచ్చుతుంది. వాడిన మొక్క తేరుకుంటుంది, ఎండిన మొక్క తేరుకోదు. మా టొమాటో వాడింది మాత్రమే. సాయంత్రానికి తల ఎత్తింది.